ముడి లేని కత్తి

మా ఇంట్లో దసరాకి ఆయుధపూజ చేసేటప్పుడు కత్తిపీట, కొడవలి, గునపం వరసగా పేర్చి, చివర జాతరలో కొన్న రేకు కత్తిని కూడా పెట్టడం అలవాటు. అన్నిటికీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ వచ్చి, ఆ రేకు కత్తి దగ్గర నా వేలు ఒక్క క్షణం ఆగేది. పదును లేదు, బరువు లేదు, దానితో వంకాయ కూడా తెగదు. దీనికి బొట్టు పెట్టవచ్చునా? పెట్టకూడదంటే, పటంలో అమ్మవారి చేతిలో ఉన్నది మాత్రం ఏమిటి? కాగితం మీది రంగే కదా, దానికి రోజూ దండం పెడుతున్నాను కదా? కత్తి కత్తి అయ్యేది ఇనుము వల్లనా, ఆకారం వల్లనా, పట్టుకున్న చేతి వల్లనా? పెద్దలను అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. సందేహం తీరలేదు. బొట్టు మాత్రం ఏటేటా పెడుతూనే వచ్చాను.

తామ్రపురి కథలో ఈ ఘట్టం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఆ రేకు కత్తే గుర్తుకొస్తుంది. ఇదే ప్రశ్నకు ఆ నగరంలో ఒక మాంత్రికుడు శాసనంతో జవాబు చెప్పాడు.

తామ్రపురి కోట ఎర్రరాతిది. బురుజులకు రాగి తొడుగులు, వాటిమీద రాగి కలశాలు. ఎండ పడితే నగరమంతా నిప్పుల కుంపటిలా మెరిసేది. ఉత్తర ద్వారానికి ఏడు అంతస్తుల గోపురం, ప్రతి అంతస్తులోనూ చేతుల్లో వీణలతో, చామరాలతో, పూలమాలలతో శిలాకన్యలు. ఒకప్పుడు ఆ గోపురం నిండా చిలకలు గూళ్లు కట్టుకునేవట. ఇప్పుడు ఒక్క పిట్ట కూడా లేదు. శిఖరం మీద మాత్రం ఏనుగంత ఇనుప గద్ద ఒకటి రెక్కలు ముడుచుకుని కూర్చుని, వచ్చేపోయేవారి వైపు మెల్లగా మెడ తిప్పుతూ ఉంది.

ఆ ఉదయం ఆ ద్వారం ముందు నిలబడిన జనంలో ఇద్దరు పగటివేషగాళ్లు ఉన్నారు. వీరభద్రుడి వేషం కట్టిన లావుపాటివాడు గవరయ్య. అతడు నిజంగానే వేషగాడు. వెదురు జెండాకర్ర పట్టుకుని అతని వెనక నిలబడిన యువకుడు మాత్రం వేషగాడు కాడు. అతడు మేఘవర్ణుడు, ఈ నగరాన్నేలిన సోమదత్త మహారాజు కొడుకు.

పుష్కరం కిందట ధూమకర్ణుడనే మాంత్రికుడు రాజగురువై కోటలో అడుగుపెట్టాడు. రాజును లేవని నిద్రలోకి దించాడు. ఐదేళ్ల రాకుమారుణ్ణి అడవిలో చంపిరమ్మని పంపాడు. తీసుకెళ్లినవారు జాలిపడి వదిలేస్తే బోయలు పెంచుకున్నారు. రాణి దిగులుతోనే కన్నుమూసింది. అప్పటికి ఉయ్యాలలో ఉన్న చెల్లెలు కువలయ కోటలోనే పెరిగింది. ఈ రోజు మధ్యాహ్నం సూర్యగ్రహణం. సూర్యుడు పూర్తిగా మరుగైన క్షణాన నగరదేవత వెలుగులమ్మ ముందు కువలయను బలి ఇస్తాడు ధూమకర్ణుడు. ఆ బలి జరిగితే భూమి మీది ఇనుమంతా అతని బంటు అవుతుంది.

అతని బలం ఎక్కడుందో కిందటి వారమే ఒక గుహలో ఉన్న ముని మేఘవర్ణుడికి చెప్పాడు. తామ్రపురి వీధిలో, సూర్యుడు చూస్తుండగా, మనిషి చేతిలో ముడి లేని కత్తి కనబడనంతకాలం నగరంలోని కత్తులన్నీ తన మాటే వినాలని ధూమకర్ణుడు క్షుద్రశక్తుల దగ్గర వరం పొందాడు. కనబడ్డ క్షణం ఆ కట్టు తెగిపోతుంది. అందుకే మేఘవర్ణుడు తన ఖడ్గాన్ని ఒరతో సహా బోలు వెదురులో దాచి తెచ్చాడు.

ద్వారం పక్కన శిలాశాసనం ఉంది. చదవలేనివారి కోసం ఒక భటుడు గట్టిగా చదువుతున్నాడు.

"కత్తి, బాకు, గొడ్డలి ధరించి వచ్చువారు ద్వారము వద్ద ముడి వేయించుకొని పోవలెను. చెక్కతోగాని, రేకుతోగాని, కాగితముతోగాని, పిండితోగాని, బెల్లముతోగాని కత్తి ఆకారమును చేసినవారికిని, మోసినవారికిని, ఆడినవారికిని కుడిచేతి బొటనవ్రేలు తీయబడును."

నిజం కత్తికి దారంతో సరిపోయేది, ఉత్తుత్తి కత్తికి వేలు పోయేది. ఈ తలకిందుల న్యాయం ఏమిటని మొదట్లో కొందరు అడిగారట. శాసనం పక్కన తాడుకు గుచ్చి వేలాడదీసిన దండను చూసి మేఘవర్ణుడు ఎండు మిరపకాయలనుకున్నాడు. దగ్గరికి వెళ్లాక అవి మిరపకాయలు కావని తెలిసింది. అడిగినవారు ఎందుకు ఊరుకున్నారో కూడా తెలిసింది.

వారి వంతు వచ్చింది. ద్వారాధికారి బిరుసప్ప ఎముకలగూడులాంటి మనిషి. వీరభద్రుడి ఎర్ర రంగునూ, నడుముకు కట్టిన గంటలనూ, ఖాళీ చేతినీ చూసి మూతి తిప్పాడు. తమ ఊళ్లో వేషగాళ్లు చేతులూపుకుంటూ ఆడతారని, పద్ధతి బాగా తెలుసుకునే వచ్చారని మెచ్చుకున్నాడు. పొమ్మని చెయ్యి ఊపబోతుండగా శిఖరం మీది గద్ద మెడ సాచింది. దాని ముక్కు సరిగ్గా వెదురు కర్ర మీదికి వంగింది. తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు కూసింది.

"ఏరా వీరభద్రుడా, ఆ వెదురులో ఏముంది?" అన్నాడు బిరుసప్ప.

గవరయ్య బతుకంతా ఊరూరా తిరిగినవాడు. ఏ కోట ద్వారం దగ్గరైనా, ఏ రాజభటుడు అడిగినా వేషగాడు చెప్పే జవాబు ఒక్కటే. తాతల నాటి ఆ జవాబు అతని నోట్లోంచి దానంతటదే జారిపోయింది.

"ఏం లేదు దొరా, వేషం కత్తి. ఉత్తుత్తిది."

జనం గబగబా వెనక్కి జరిగారు. ఇద్దరు భటులు గవరయ్య చేతులు విరిచి పట్టుకున్నారు. మరొకడు నల్లగా మరకలు కట్టిన చింతమొద్దును దొర్లించుకుంటూ వచ్చాడు. తానేమన్నాడో గవరయ్యకు అప్పుడు తెలిసింది. ఎర్ర రంగు కింద అతని ముఖం పాలిపోయింది.

మేఘవర్ణుడు ఆలోచించలేదు. వెదురు చీల్చి ఖడ్గం దూసి ఒక్క వేటు వేశాడు. చింతమొద్దు రెండు చెక్కలై చెరో వైపు పడింది. అది ఇంకా ద్వారం బయటే, నగర వీధి కాదు గనుక మాంత్రికుడి కట్టు తెగలేదు.

"మా మామ అబద్ధం చెప్పాడు దొరా. ఇది నిజం కత్తే" అన్నాడు.

బిరుసప్ప మొద్దును చూశాడు, కత్తిని చూశాడు. పలచగా నవ్వాడు. "నిజమైతే చింతే లేదు. ముడి వేయించుకుని పో. వేషగాళ్లకి నిజం కత్తెందుకని శాసనంలో అడగలేదు, నేనూ అడగను."

ముడిసాలలో ఒక గుడ్డి ముసలివాడు నల్లదారపు ఉండ పట్టుకుని కూర్చున్నాడు. ఆ దారం చితిపొగ వాసన వేస్తోంది. అతడు ఖడ్గం పిడికి, ఒరకు కలిపి దారం చుట్టి, మూడు పేటల ముడి బిగించి, లక్క అద్దాడు. ముడి బిగిసినప్పుడు మేఘవర్ణుడి అరచేతిలో ఖడ్గం ఒక్కసారి వణికింది. తరవాత చనిపోయిన పాములా చల్లబడింది.

వీధిలోకి వచ్చాక గవరయ్య నడుము గంటలు మోగకుండా పట్టుకుని తల వంచుకుని నడిచాడు. తన వేలి కోసం రాకుమారుడు ఉన్న ఒక్క ఖడ్గాన్నీ పోగొట్టుకున్నాడని అతనికి తెలుసు.

ద్వారం దగ్గర మొదలై నగరం మధ్యగా సాగే రాజవీధి చివర వెలుగులమ్మ గద్దె ఉంది. ఆమెకు గుడి లేదు, తలుపుల్లేవు. ఎత్తయిన అరుగు మీద ఎండలో నిలబడి ఉంటుంది. ఆ వీధి పొడవునా, అటు అంచు నుంచి ఇటు అంచు దాకా తాటాకు పందిరి వేయించాడు ధూమకర్ణుడు. ఎండ తగలకుండా ప్రజల మీద దయతో వేయించాడని చెప్పుకునేవారు. ముని మాట విన్నవాడు గనుక మేఘవర్ణుడికి అసలు సంగతి అర్థమైంది. ఆ వీధిని సూర్యుడు చూడకూడదు. పందిరి లేనిది అమ్మవారి గద్దె ముందు ఒక్కచోటే.

అంగళ్లు మూసేస్తున్నారు. ఇల్లాళ్లు నీళ్లబిందెల్లో, పచ్చడి జాడీల్లో దర్భలు వేస్తున్నారు. కూరల అంగడిలో మునక్కాయలు ముందే ముక్కలు చేసి అమ్ముతున్నారు. తమ్మకాయలు కత్తుల్లా ఉంటాయని వాటి పాదులే పీకించేశారట. గచ్చు మీద ఎక్కడా పిల్లలు ఆడటం లేదు. వేలు చాచి ఆడినా కొడతారని ఒక తల్లి చెప్పింది.

వెలుగు పలచబడింది. పందిరి సందులోంచి గవరయ్య పైకి చూసి, సూర్యుడి అంచు కొరికినట్టయిందని చెప్పాడు. గ్రహణం పట్టింది.

ఇక ఆగి లాభం లేదని మేఘవర్ణుడు పక్కసందులోకి తిరిగాడు. బొడ్డులో దోపుకున్న చెకుముకి రాయి అంచుతో నల్లదారాన్ని కోయబోయాడు. దారం తెగలేదు. పాములా కదిలి అతని మణికట్టుకు చుట్టుకుంది. ఖడ్గం తనంతట తానే ఒరలోంచి లేచింది. అతని చేతినే ఈడ్చుకుంటూ గిరుక్కున తిరిగి గవరయ్య గొంతు వైపు దూసుకుపోయింది. గవరయ్య వెనక్కి పడ్డాడు. మేఘవర్ణుడు రెండు చేతులతో పట్టి లాగినా అది ఆగలేదు. జానెడు దూరం బెత్తెడైంది.

పక్కింటి తలుపు తెరుచుకుంది. ఒక ముసలామె తెల్లటి పొణికి చెక్కను అడ్డంగా తోసింది. ఖడ్గం ఆ మెత్తని చెక్కలో పిడిదాకా దిగి ఇరుక్కుపోయింది. ఆమె దాన్ని చెక్కతో సహా లోపలికి లాగి, పసుపునీళ్ల తొట్టెలో ముంచింది. దారం వదులై రాకుమారుడి మణికట్టును విడిచింది.

"ముడి మీద చెయ్యెయ్యకూడదని మీ ఊళ్లో చెప్పలేదా నాయనా?" అంటూ తలుపు గడియ వేసింది.

ఆమె పేరు ఆదెమ్మ. బొమ్మలు చేసే ఇల్లది. గోడ పొడవునా పొణికి చెక్క బొమ్మలు, లక్కరంగుల్లో తళతళలాడుతూ ఉన్నాయి. ఏనుగు అంబారీలు, పల్లకీలు, దశావతారాలు. రాజభటుల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. వాటి పిడికిళ్లన్నీ ఖాళీ. రాముడి చేతిలో విల్లు ఉంది, నడుముకు మాత్రం ఏమీ లేదు. అంతమంది వీరులు ఏదో జారవిడుచుకుని వెతుక్కుంటున్నట్టు నిలబడి ఉన్నారు.

శాసనం వచ్చిన ఏడే తన భర్త వేలు తీశారని ఆదెమ్మ చెప్పింది. వేలు లేని చేత్తో ఉలి పట్టలేక, పట్టకుండా ఉండలేక ఆయన రెండేళ్లకే పోయాడు. గవరయ్య నేల మీద కూర్చుని తన బొటనవేలును ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"ఊరూరా ఉత్తుత్తిదంటే నవ్వి పంపేవాళ్లు అల్లుడూ" అన్నాడు. వేషం కోసం పెట్టుకున్న వరస అతనికి అలవాటైపోయింది. "ఇక్కడ ఉత్తుత్తిదే అసలుదట. ఇదేం ఊరు?"

మేఘవర్ణుడు ఖాళీ పిడికిళ్ల వైపు చూస్తూ ఉన్నాడు. ఆ మాట విని తల తిప్పాడు.

"ఇంకోసారి అను మామా."

"ఏం అనను? చెక్కదైనా కత్తే అని రాతి మీద చెక్కించుకున్నారు గదా."

మేఘవర్ణుడు లేచి నిలబడ్డాడు. ధూమకర్ణుడు నిజం కత్తులను పట్టించుకోలేదు, వాటికి ముడి ఉంది. అతడు భయపడింది ముడి వేయడానికి చిక్కని కత్తులకు. ఇంటింటా పుట్టే చెక్క కత్తికీ, సంతలో పుట్టే బెల్లం కత్తికీ ఎన్ని ముడులు వేయగలడు? సూర్యుడి కంటికి ఇనుమూ చెక్కా ఒకటే కాబట్టే ఆ దండలో అన్ని వేళ్లు వేలాడుతున్నాయి.

"అవ్వా, నీ ఇంట్లో చెక్క కత్తి ఒక్కటైనా మిగిలి ఉందా?"

ఆదెమ్మ గది మూలకేసి చూసింది. ఉందని చెప్పింది, ఇవ్వనని కూడా చెప్పింది. అది అమ్మకానికి చేసింది కాదు. పుష్కరం కిందట రాకుమారుడికి అమ్మవారు పోసినప్పుడు, బిడ్డ బతికితే వాడి చెయ్యంత పొణికి కత్తి వాడి చేతనే సమర్పిస్తానని రాణి వెలుగులమ్మకు మొక్కుకుంది. బిడ్డ చేతి కొలత దారంతో తీసి పంపింది. ఈ ఊళ్లో అదే ఆచారం. జబ్బు తగ్గిన ప్రతివారూ తమ చెయ్యంత కత్తి తెచ్చి అమ్మ పిడికిట్లో ఉంచేవారు. కొత్తది వచ్చినప్పుడు పాతది పొంగలి పొయ్యిలోకి పోయేది. ఆదెమ్మ భర్త కత్తి చెక్కి రంగు వేశాడు. రంగు ఆరేలోగా శాసనం వచ్చింది. అమ్మవారి చేతిలో ఉన్నది కూడా భటులు ఊడబీక్కుపోయారు.

"రాణీగారు పోయేముందు నన్ను పిలిపించారు" అంది ఆదెమ్మ. "మొక్కు బాకీ ఉండిపోయింది ఆదెమ్మా, బిడ్డ ఎక్కడైనా బతికుంటే వాడొచ్చినప్పుడు తీర్చమని చెప్పు అన్నారు. అది దేవతది, ఆ బిడ్డది. మధ్యలో నేనెవర్ని నాయనా, నీకివ్వడానికి?"

మేఘవర్ణుడు తొట్టె దగ్గరికి వెళ్లాడు. తలపాగా తీసి, తొట్టెలోని పసుపునీళ్లతో ముఖం మీది వేషపు రంగు కడుక్కున్నాడు. నుదుటి మీద, చెంపల మీద అమ్మవారు పోసిన మచ్చలు బయటపడ్డాయి. ఎడమ కనుబొమ్మ మీద మూడు మచ్చలు ముప్పేటలా కలిసి ఉన్నాయి. ఆ జబ్బులో రాణి పక్కన కూర్చుని వేపమండలతో విసిరినవారిలో ఆదెమ్మ ఒకతె. ఆమె దీపం దగ్గరికి తెచ్చి చూసింది. వేలితో ఆ మచ్చలను తాకింది. తరవాత కొంగుతో కళ్లు ఒత్తుకుని, మూలనున్న చెక్క ఏనుగు పొట్ట విప్పింది.

అందులోంచి వచ్చిన కత్తి మూరెడు కూడా లేదు. పసుపు రంగు అలుగు, ఎర్ర పిడి, పిడి మీద లక్కతో వేసిన చిన్న కలువ. గాలి తగిలితే ఎగిరిపోయేంత తేలిక.

"ముందు అమ్మ చేతికి చేరాలి బాబూ. నువ్వు దాంతో ఏం చేస్తావో నాకు తెలవదు. చేరాలి."

చేరుస్తానని అతడు ఆమె పాదాలు తాకి చెప్పాడు.

వారు రాజవీధిలోకి వచ్చేసరికి పగలు బూడిదరంగుకు తిరిగింది. కాకులు గూళ్లు వెతుక్కుంటూ అరుస్తున్నాయి. ఎక్కడో కుక్క ఏడుస్తోంది. గద్దె వైపు నుంచి డమరుకం మోత వినిపిస్తోంది. ఉత్తరీయం కింద చెక్క కత్తిని డొక్కకు అదుముకుని మేఘవర్ణుడు నడిచాడు, తరవాత పరుగెత్తాడు. ఆ చెక్క ముక్క బయటపడితే వేలు పోవడంతో సరిపోదు. కువలయ ప్రాణం పోతుంది.

పందిరి చివర ముప్పై మంది భటులు అడ్డంగా బారు తీరి ఉన్నారు. బిరుసప్ప వారి మధ్య నిలబడి, గద్దె వైపు వెళ్లేవారి బట్టలు విప్పి వెతికిస్తున్నాడు. వారి వెనకే పందిరి ముగిసి ఆకాశం మొదలవుతుంది. ఆ ఆకాశంలో సూర్యుడు సగానికి పైగా పోయాడు. వెతికేవారి చేతులు మేఘవర్ణుడి ముందున్నవాడి భుజాల మీద పడ్డాయి.

అప్పుడు ఒక భటుడు నేలకేసి చూసి కెవ్వుమన్నాడు.

తాటాకు పందిరికి ఎన్ని చిల్లులున్నాయో అన్ని చిల్లుల్లోంచీ వెలుగు దిగింది. రోజూ గుండ్రంగా నాణేల్లా పడే ఆ వెలుగుచుక్కలు ఇప్పుడు గుండ్రంగా లేవు. కొరికిన సూర్యుడి ఆకారమే ప్రతి చుక్కకూ వచ్చింది. నేల మీద, గోడల మీద, మనుషుల వీపుల మీద వంపు తిరిగిన సన్నని కత్తులు, వందలు, వేలు, గాలికి తాటాకులు కదిలినప్పుడల్లా ఊగుతున్నాయి.

ఏ ఊరి భటులైనా దాన్ని వింతగా చూసి దండం పెట్టుకునేవారు. తామ్రపురి భటులకు పన్నెండేళ్లుగా ఒకటే నేర్పారు. కత్తి ఆకారం కనబడితే పట్టుకోవాలి, దేనితో చేశారని అడగకూడదు. ముప్పై మందీ నేల మీద పడ్డారు. కొందరు వెలుగును తొక్కారు. కొందరు గుప్పిళ్లతో పట్టబోయారు. ఒకడు తన పక్కవాడి ఛాతీ మీద కత్తి చూసి వాడి చెయ్యి విరిచాడు. వాడు వీడి వీపు మీద ఏడు కత్తులున్నాయని అరిచాడు. బిరుసప్ప ఒక్కడే కదలకుండా నిలబడి, అది వెలుగేనని కేకలు వేస్తున్నాడు. ఆ కేకల మధ్య అతని చూపు మేఘవర్ణుడి డొక్క దగ్గర ఉబ్బిన ఉత్తరీయం మీద పడింది.

అతడు అడుగు వేయకముందే గవరయ్య గంటలు గల్లుమనిపిస్తూ బారు మధ్యలోకి దూకాడు. వీరభద్రుడి అడుగు వేసి కుడిచెయ్యి పైకెత్తాడు. తెరిచిన అరచేతిలో వెలుగు కత్తి ఒకటి తళుక్కుమంది.

"ఇదిగో నా కత్తి. రండి, వేలు తియ్యండి" అన్నాడు.

భటులందరూ అతని మీద పడ్డారు. బిరుసప్ప దారి ఆ గుంపులో మూసుకుపోయింది. మేఘవర్ణుడు వంగి, వారి కాళ్ల సందుల్లోంచి జారి, పందిరి దాటి బయటపడ్డాడు.

వెలుగులమ్మ గద్దె మీద నల్లరాతి విగ్రహంగా నిలబడి ఉంది. పైకెత్తిన కుడి పిడికిలి ఖాళీగా ఉంది. ఆమె పాదాల దగ్గర ఎర్రచీరతో కువలయ, చేతులు కట్టి, కళ్లు తెరిచి, ఏడవకుండా కూర్చుని ఉంది. చుట్టూ నగరంలోని ఖడ్గాలన్నీ ఒరలు విడిచి వచ్చి, గాలిలో మొనలు కిందికి చేసి, దడి కట్టినట్టు వేలాడుతున్నాయి. ప్రతి పిడికీ నల్లముడి. మధ్యలో ధూమకర్ణుడు నిలబడి ఉన్నాడు. అతని చెవుల్లోంచి పొగ సన్నగా వస్తోంది. ఒక చేతిలో స్ఫటికపు భరిణె ఉంది. సూర్యుడు గోటి కత్తిరింపంత మిగిలాడు.

అలికిడికి తిరిగి చూసి, అంతమంది భటులను దాటి వచ్చినవాడు ఎవరో, అతని చేతిలో ఉన్నదేమిటో గుర్తుపట్టి, ధూమకర్ణుడు నవ్వాలని ప్రయత్నించాడు.

"ఆ బొమ్మతోనా నా మీదికి వచ్చావు?"

"బొమ్మని నువ్వంటున్నావు. కత్తని నీ శాసనం అంటోంది" అన్నాడు మేఘవర్ణుడు. "సూర్యనారాయణుడు ఏమంటాడో అడుగుదాం."

ధూమకర్ణుడు చెయ్యి విదిలించాడు. వేలాడుతున్న ఖడ్గాలన్నీ ఒక్కసారి రాకుమారుడి మీదికి మొన తిప్పి కదిలాయి. మేఘవర్ణుడు తప్పుకోలేదు. పసుపు రంగు చెక్క కత్తిని తలకు పైగా ఎత్తి పట్టాడు. మిగిలిన ఆ గోరంత సూర్యుడి కిరణం వచ్చి దాని మొన మీద వాలింది.

పేలాలు వేగుతున్నట్టు చిటపటమని చప్పుడు మొదలైంది. ముందు గద్దె దగ్గర, తరవాత వీధిలో, తరవాత ఇళ్లలో, కోటలో, నగరమంతటా ముడులు తెగుతున్నాయి. అతని రొమ్ముకు వేలెడు దూరంలో ఆగిన ఖడ్గాలు ఒట్టి ఇనుమై రాళ్ల మీద గలగలా రాలాయి. అదే క్షణంలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయాడు.

చీకట్లో చుక్కలు కనిపించాయి. ధూమకర్ణుడు బలి కత్తి కోసం తడుముకున్నాడు. అది అతని మాట వినలేదు. అతని వేళ్లే తెగాయి. మేఘవర్ణుడు ఒక్క ఉరుకులో చెల్లెలిని లాగి తన వెనక్కి చేర్చుకున్నాడు. తలపైన పెనుగాలి రేగింది. ఉత్తర ద్వారం మీది ఇనుప గద్ద రెక్కలు విప్పి వచ్చి మాంత్రికుణ్ణి వీపు మీదికి తీసుకుంది.

"కత్తుల ముడి తెంచావు. నీ తండ్రి నిద్ర ఈ భరిణెలోనే ఉంది. నా కొండ జ్వాలాకూటం దాకా వచ్చి తెచ్చుకో" అన్న గొంతు పైనుంచి దిగి, ఆ రెక్కల చప్పుడుతోపాటు దక్షిణానికి మళ్లింది.

మెట్ల కింద గవరయ్య కుంటుకుంటూ వచ్చాడు. ముఖమంతా రక్తం, రంగు కలిసిపోయాయి. రెండు బొటనవేళ్లూ ఉన్నాయని ముందుగా చూపించాడు. భటులు చెదిరిపోయారని, బిరుసప్ప గుర్రాలసాల వాకిలి తెరిచే ఉందని, గద్ద కనుచూపు దాటకముందే బయలుదేరాలని తొందర పెట్టాడు.

"ఒక్క పని ఉంది మామా" అన్నాడు మేఘవర్ణుడు.

కువలయ చెయ్యి పట్టుకుని, చీకట్లో తడుముకుంటూ గద్దె చివరి మెట్టు ఎక్కాడు. ఐదేళ్ల పిల్లవాడి చెయ్యంత కత్తి అది. అతని అరచేతిలో పిడి దాగిపోతోంది. పైకెత్తిన రాతి పిడికిలి వేళ్లకు తగిలింది. తరతరాలుగా ఎన్నో పిడులు రాసుకుని ఆ పిడికిట్లో నున్నని గాడి పడి ఉంది. చెక్క పిడి ఆ గాడిలో జారి, ఎవరో అందుకుని పట్టుకున్నట్టు ఆగింది.

"మా అమ్మ మొక్కు, తల్లీ" అన్నాడు. "ఆలస్యమైంది."

అన్న ఎవరితో మాట్లాడుతున్నాడా అని కువలయ తలెత్తి చూసింది. గ్రహణం విడుస్తూ సూర్యుడి మొదటి చుక్క బయటికి వచ్చి, వెలుగులమ్మ చేతిలోని పసుపు రంగు అలుగు మీద పడింది. వెనకే వచ్చి పందిరి చివర నిలబడిన ఆదెమ్మ చేతులు జోడించింది.